బూట్లకు ఎంత పొడవు లేసు కొనాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నడకకు వాడే నా బూట్లకు ఒక్కో వైపు ఆరేసి రంధ్రాలు ఉన్నాయి. పాత లేసులు చీకిపోయి ముక్కలైపోయినందున వాటిని కొలిచే వీలు లేదు. రంధ్రాల లెక్క చెబితే దుకాణంలో 100 సెంటీమీటర్ల లేసులు ఇచ్చారు. అవి పై రంధ్రం దాకా వస్తున్నాయి కానీ, కొసలు పొట్టిగా మిగలడంతో నాలుగడుగులు వేసేసరికి ముడి ఊడిపోతోంది. నా పాదం కాస్త వెడల్పు. సరైన పొడవును ముందే లెక్కగట్టే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)

నమస్కారమండి. రంధ్రాల సంఖ్య ఒక్కటే చూసి లేసు ఇవ్వడం సరికాదు. బూటు తొడుక్కుని, పాదం నేలకు ఆనించి నిలబడి, రెండు వరుసల మధ్య ఎడం ఎంతో దర్జీ టేపుతో చూడండి. పాదం వెడల్పైతే ఆ ఎడం పెరుగుతుంది, లేసు ఒక వైపు నుంచి మరో వైపుకు దాటిన ప్రతిసారీ ఆ పెరుగుదల పొడవులో కలుస్తుంది.

మామూలుగా ఇంటూ ఆకారంలో గుచ్చినప్పుడు అడుగున ఒక అడ్డపట్టీ, ఆ పైన ఒక్కో జతకు రెండేసి ఏటవాలు పట్టీలు వస్తాయి. ఆరు జతలకు అవి పది. ఎడం 6 సెంటీమీటర్లు, ఒకే వరుసలోని పక్కపక్క రంధ్రాల మధ్య దూరం 2 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో ఏటవాలు పట్టీ సుమారు 6.3 అవుతుంది. పదీ కలిపి 63, అడ్డపట్టీ 6, ముడికి ఒక్కో కొసకు 25 చొప్పున 50, మొత్తం 119. అదే ఆరు జతల బూటులో ఎడం 4 మాత్రమే అయితే ఈ లెక్క 99 దగ్గరే ఆగిపోతుంది. మీకు వచ్చిన చిక్కంతా ఈ 20 సెంటీమీటర్లదే. లెక్క రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి.

జవాబు (నెల్లూరు నుంచి)

పై లెక్క సరైనదే. అయితే గుండ్రటి నైలాన్ లేసు నున్నగా జారుతుంది కనుక రెండో ముడి తప్పదు, దానికి కొసలు మరికాస్త పొడవుండాలి. మైపాడు ఇసుకలో నడిచే నాకు బల్లపరుపు లేసే నమ్మకంగా ఉంది.

కొన్న 100 సెంటీమీటర్ల లేసును పారేయకండి. అడ్డపట్టీ తర్వాత మొదటి రంధ్రం నుంచి రెండో దానికి అదే వైపున నిలువుగా, రెండు నుంచి మూడుకు ఏటవాలుగా, మళ్లీ నిలువుగా, ఇలా మార్చి మార్చి గుచ్చండి. అన్ని రంధ్రాలనూ వాడుకుంటూ అతి తక్కువ లేసు పట్టే పద్ధతి ఇదేనని గణితవేత్త బర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో నేచర్ పత్రికలో చూపించారు. పై కొలతలకే ఇందులో సుమారు 26 సెంటీమీటర్లు మిగులుతుంది. బిగువు మాత్రం ఇంటూ పద్ధతిలో ఉన్నంత రాదు, కాబట్టి పరుగుకు వద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలిచి చూస్తే ఎడం 5.5, రంధ్రాల మధ్య దూరం 2 వచ్చింది. లెక్క 114 తేలింది కనుక 120 సెంటీమీటర్ల బల్లపరుపు లేసులు తీసుకుంటాను. అవి వచ్చేదాకా ఉన్నవాటినే నిలువు పద్ధతిలో గుచ్చి వాడుకుంటాను.