అక్రిలిక్ అంచులు కరిగి అతుక్కుంటున్నాయి, అల్యూమినియంలో బిట్లు విరుగుతున్నాయి: సీఎన్‌సీ రూటర్‌పై సందేహం

ప్రశ్న (విజయవాడ, ఆటోనగర్):

సభ్యులందరికీ నమస్కారం. మాది నేమ్‌బోర్డుల పని. 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (బిట్ అనే కోత పనిముట్టును తిప్పే మోటారు) ఉన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటరుతో నడిచే కోత మెషీన్)పై ఎండీఎఫ్, ప్లైవుడ్, ఫోమ్ బోర్డు ఏ ఇబ్బందీ లేకుండా కోస్తున్నాము. 6 మి.మీ. అక్రిలిక్‌లో అక్షరాలు కోసేటప్పుడు మాత్రం బిట్ ముందుకు కదలగానే వెనుక ప్లాస్టిక్ కరిగి గాడిలో మళ్లీ అతుక్కుపోతున్నది, ఊడదీయబోతే అంచు పెచ్చులు లేస్తున్నది. చెక్కకు వాడే 6 మి.మీ. టూ ఫ్లూట్ (రెండు కోత అంచుల) బిట్‌నే 24,000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద, నిమిషానికి 800 మి.మీ. ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం)తో నడుపుతున్నాను. నెమ్మదిగా పోతే నున్నగా వస్తుందేమోనని ఫీడ్‌ను 500కు దించితే ఇంకా ఎక్కువగా కరిగింది. ఇక 2 మి.మీ. అల్యూమినియం రేకులో 3 మి.మీ. బిట్లు విరిగిపోతున్నాయి. లోపం బిట్‌లో ఉన్నదా, మెషీన్‌లో ఉన్నదా తెలియజేయగలరు.

జవాబు (గుంటూరు):

నమస్కారమండీ. మెషీన్‌ను అనుమానించవలసిన పని లేదు, మీరు ఇచ్చిన అంకెల్లోనే కారణం కనబడుతున్నది. ఫీడ్‌ను ఆర్పీఎంతోనూ ఫ్లూట్ల సంఖ్యతోనూ భాగిస్తే ఒక్కో అంచు ఒక్కో చుట్టులో ఎంత మందం తీస్తున్నదో తెలుస్తుంది. మీ లెక్కన అది సుమారు 0.017 మి.మీ., ఫీడ్ 500 అయితే 0.01. అంత పలుచని పొరను బిట్ కోయదు, రుద్దుతుంది. సరైన మందంలో తురుము లేస్తే వేడిలో ఎక్కువ భాగం ఆ తురుముతోనే బయటికి పోతుంది. రుద్దుడు మొదలైతే వేడంతా గాడిలోనే నిలిచి, 100 డిగ్రీలు దాటగానే మెత్తబడే అక్రిలిక్ జిగురులా మారుతుంది. కరుగుతున్నకొద్దీ ఫీడ్ తగ్గించడం మన షాపుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు, కాని చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ప్లాస్టిక్ కోసమే చేసిన సింగిల్ ఫ్లూట్ బిట్ తీసుకొని, 18,000 ఆర్పీఎం, 1,800 ఫీడ్ పెట్టండి. అప్పుడు తురుము మందం 0.1 మి.మీ. అవుతుంది. లోతు ఒక్కో పాస్‌కు (బిట్ గీత వెంట ఒకసారి తిరిగి రావడానికి) 2 మి.మీ. చాలు. చుట్టూ 0.2 మి.మీ. వదిలి, చివరి పాస్‌లో పూర్తి లోతున ఒక్కసారి తిప్పితే అంచు నున్నగా వస్తుంది. గాడిలోని తురుమును గాలితో ఊదుతూ ఉండండి, లేకపోతే బిట్ దాన్నే మళ్లీ నలుగగొడుతుంది. షీటు కొనేటప్పుడు కాస్ట్ అక్రిలిక్ (అచ్చులో పోసి చేసినది) అని అడిగి తీసుకోండి. ఎక్స్‌ట్రూడెడ్ (సందు గుండా నెట్టి చేసిన) షీటు చవకే, కాని ఏ సెట్టింగు పెట్టినా త్వరగా కరుగుతుంది. కోసిన అంచును స్పిరిట్‌తో తుడవవద్దు, సన్నని పగుళ్లు పాకుతాయి, సబ్బునీళ్లు సరిపోతాయి.

ఆర్పీఎం తగ్గించడానికీ ఒక హద్దు ఉన్నది. ఈ స్పిండిళ్లకు రాసి ఉండే 2.2 కిలోవాట్లు 400 హెర్ట్జ్ వద్ద, అంటే 24,000 ఆర్పీఎం వద్ద లభించేవి. 12,000కు దించితే దాదాపు సగమే మిగులుతుంది.

మరొక సభ్యుని జవాబు (విజయవాడ):

అల్యూమినియం విషయంలో ముందుగా కాలెట్ (బిట్ కాడను స్పిండిల్‌లో పట్టి ఉంచే బిగింపు) చూడండి. 3 మి.మీ. అని అమ్మే బిట్లలో చాలావాటి కాడ నిజానికి 3.175 మి.మీ. ఉంటుంది. అది 3 మి.మీ. కాలెట్‌లో దూరదు కాబట్టి చాలామంది 4 మి.మీ. కాలెట్‌లో పెట్టి బలంగా బిగిస్తారు. పట్టు దొరికినట్లే ఉంటుంది, కాని బిట్ నడుమ నుంచి తప్పి తిరుగుతుంది. చెక్కలో అది తెలియదు. అల్యూమినియంలో మనం తీసే తురుమే 0.03 మి.మీ.; బిట్ ఊగులాట కూడా అంతే ఉంటే ప్రతి చుట్టులోనూ కోత అంచు మీద పడే బరువు పెరిగి, సన్నని బిట్ విరుగుతుంది. 3.175 కాలెట్ విడిగా దొరుకుతుంది. కాలెట్‌ను ముందు నట్‌లో టక్కున కూర్చునేలా నొక్కి, ఆ తరువాతే స్పిండిల్‌కు ఎక్కించాలి. స్పిండిల్‌లో కాలెట్ వేసి పైన నట్ తిప్పితే అది వంకరగా కూర్చుంటుంది.

ప్రశ్నించిన సభ్యుడు:

ధన్యవాదాలండీ. చెప్పిన సెట్టింగులతో అక్రిలిక్ తురుము పొడిపొడిగా లేస్తున్నది, అక్షరాలు శుభ్రంగా ఊడివస్తున్నాయి. 3.175 కాలెట్ కూడా తెప్పించాను. అల్యూమినియానికి ఎంత ఫీడ్ పెట్టమంటారు? కొండపల్లి నుంచి తెల్ల పొణికి చెక్కలో బొమ్మల పీటలు కోసిపెట్టమని అడుగుతున్నారు, ఆ చెక్క పై అంచున పీచు లేస్తున్నది.

జవాబు (గుంటూరు):

సింగిల్ ఫ్లూట్ బిట్, 18,000 ఆర్పీఎం, 540 ఫీడ్, పాస్‌కు 0.3 మి.మీ. లోతుతో మొదలుపెట్టండి. రేకు గ్రేడు తప్పక అడగండి: 6061 చక్కగా తెగుతుంది, 1100 వంటి మెత్తని రేకు బిట్‌కు బంకలా పట్టుకుంటుంది, అందువల్ల కొద్దిగా కటింగ్ ఆయిల్ వేయాలి. రేకు మధ్యలో పైకి లేవకుండా డబుల్ సైడ్ టేపుతో బల్లకు అతికించి, భాగాలకు చిన్న ట్యాబులు (ముక్క ఊడకుండా కోయక వదిలే చోట్లు) వదలండి. చివరి పాస్‌లో ఊడిన ముక్క బిట్‌కు తగలడం వల్లనే చాలా బిట్లు పోతాయి.

తెల్ల పొణికి చాలా మెత్తని చెక్క. పదునైన డౌన్‌కట్ బిట్ పీచును కిందికి నొక్కి కోస్తుంది, పై అంచు శుభ్రంగా ఉంటుంది. పొట్టు గాడిలోనే ఇరుక్కుంటుంది కనుక లోతు తక్కువగా పెట్టండి.

ఒక జాగ్రత్త. చెక్కపొట్టు లాగే డస్ట్ కలెక్టర్ సంచిలోకి అల్యూమినియం తురుమును పంపవద్దు. రెండూ కలిసిన సంచిలో ఒక్క నిప్పురవ్వ పడినా ప్రమాదమే. ఆ పని రోజున గొట్టం తీసివేసి, తురుమును బ్రష్‌తో వేరే డబ్బాలోకి ఎత్తండి.