ఇంటి బ్యాటరీకి సబ్సిడీ వస్తుందా? చెన్నైలో పెట్టించుకున్నవాళ్లు చెప్పండి

కొళత్తూరు కోడలు
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఆడపడుచు ఈమధ్య ఇంటికి బ్యాటరీ పెట్టించుకుంది. అక్కడి ప్రభుత్వం 2025 జూలై 1 నుంచి ఇంటి బ్యాటరీల ధరలో సుమారు 30 శాతం తగ్గింపు ఇస్తోంది. "వదినా, మీకూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది, కనుక్కో" అంది. మా మామగారు రాత్రిపూట సీప్యాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) పెట్టుకుని పడుకుంటారు. కరెంటు పోతే ఆయన లేచి కూర్చుంటారు, ఆయనతోపాటు మేమూ. ఇప్పుడున్నది నాలుగేళ్ల నాటి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. రెండు గంటలకే ఇన్వర్టర్ కుయ్యిమంటోంది. సొంతిల్లే, మిద్దె మీద చోటుంది. సోలార్, బ్యాటరీ కలిపి పెట్టిస్తే ఎంతొస్తుంది?

మడిపాక్కం మిద్దె
అక్కా, బ్యాటరీకి రాదు. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్, ఆ డబ్బు సోలార్‌కే. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు. ఐదు కిలోవాట్లు పెట్టినా అంతే. బ్యాటరీ పెట్టుకోవచ్చు, ఖర్చు మనదే.

మేం 2024లో పెట్టించాం. సేల్స్ అబ్బాయి "రెండింటికీ కలిపి వస్తుంది సార్" అని కొటేషన్ చివర "సబ్సిడీ పోను" అంటూ ఒకే అంకె వేసిచ్చాడు. నమ్మి అడ్వాన్స్ ఇచ్చేశాం. నెట్ మీటర్ బిగించి పోర్టల్‌లో అంతా పూర్తయ్యాక ఖాతాలో పడింది 78 వేలే. బ్యాటరీ కింద వస్తాయన్న 50 వేలు మేమే కట్టుకున్నాం. అవి మా అమ్మాయి కాలేజీ ఫీజుకని పక్కన పెట్టినవి. ఆ నెల చీటీ నష్టానికి పాడాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఎవరడిగినా చెబుతున్నాను: ప్యానెళ్ల ధర, ఇన్వర్టర్ ధర, బ్యాటరీ ధర విడివిడిగా రాయించుకోండి. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ మన దేశంలో తయారైనవే అయితేనే సబ్సిడీ. దాన్ని డీసీఆర్ అంటారు. ఆ మాట కొటేషన్‌లో ఉండి తీరాలి.

అన్నానగర్ ఫ్లాట్
బ్యాటరీ స్టోరేజీకి కేంద్రం వేల కోట్లు ఇస్తోందని పేపర్లో చదివాను కదా?

పెరంబూరు పాతకాపు
అది ఇళ్లకు కాదు బాబూ. 2023 సెప్టెంబర్‌లో కేబినెట్ ఒప్పుకున్నది 4,000 మెగావాట్ అవర్ల పెద్ద బ్యాటరీల ప్రాజెక్టులకు. గ్రిడ్‌కి కట్టేవి అవి.

అమ్మా, ఈబీలో, అంటే ఇక్కడి కరెంటు బోర్డులో, చేసి రిటైరైనవాణ్ని, ఒక మాట చెబుతాను. ఆస్ట్రేలియాలో మిద్దె మీది కరెంటు గ్రిడ్‌కి అమ్మితే యూనిట్‌కి వచ్చేది తక్కువ, సాయంత్రం కొనుక్కునేది ఎక్కువ. అందుకే పగటి కరెంటు దాచుకుంటే వాళ్లకు డబ్బు మిగులుతుంది. మనకు నెట్ మీటర్ ఉంది. పగలు మనం పంపిన యూనిట్లను మనం వాడుకున్నవాటిలోంచి తీసేసి బిల్లు వేస్తారు. అంటే ఈబీ లైనే మనకు బ్యాటరీ. పైగా ఇక్కడ రెండు నెలలకి 100 యూనిట్లు ఎలాగూ ఉచితం. బిల్లు తగ్గుతుందని బ్యాటరీ కొనకండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏది ఆగకూడదో, దాని కోసం కొనండి.

వేళచ్చేరి రెండో అంతస్తు
పెద్దాయన చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. మేం మొదట మామూలు ఆన్-గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా ఈబీ లైనుకి కట్టే సోలార్, పెట్టించాం. పోయిన కత్తిరి ఎండల్లో ఒకరోజు పన్నెండున్నరకి కరెంటు పోయింది. మిద్దె ఎక్కి చూస్తే ప్యానెళ్లు పెనంలా కాలుతున్నాయి, ఇన్వర్టర్ మీద ఎర్రలైటు, పక్కన సున్నా. కింద మా పాపకి విసనకర్రతో విసురుతున్నాం. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా, ఈబీ సరఫరా ఆగగానే సోలార్ కూడా ఆగిపోవాలన్నది రూలు. మంచి రూలే. కానీ కొనేముందు మాకెవరూ చెప్పలేదు. ఆ టైములో కూడా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. ఇప్పుడు బ్యాటరీ కొనకపోయినా ఇన్వర్టర్ మాత్రం మొదటే హైబ్రిడ్ తీసుకోండి. తర్వాత మార్చాలంటే మళ్లీ ఖర్చు.

బ్యాటరీని కారు షెడ్డులో మాత్రం పెట్టకండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి మా వీధిలో నడుముదాకా నీళ్లొచ్చాయి. కింది ఇంటివాళ్ల ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు మునిగిపోయాయి. మాది మెట్ల పక్కన పై అంతస్తులో ఉంది, నీడ, గాలి రెండూ ఉన్నచోట.

మడిపాక్కం మిద్దె
సైజు గురించి: మాది 5 కిలోవాట్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. మూడు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, వైఫై కలిపి 300 వాట్లు అనుకుంటే రాత్రంతా వస్తుంది. ఏసీ వేస్తే మూడు గంటలే. పాత కొటేషన్ చేతిలో ఉంటే కొత్తది అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, మీ ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద 28 నుంచి 18కి తగ్గింది.

పెరంబూరు పాతకాపు
అమ్మా, మీ మామగారి మెషీన్ మీద వాట్లు చూశారా? తేమ కోసం నీళ్లు వేడిచేసే హీటర్ ఆపితే సీప్యాప్ చాలా తక్కువ తీసుకుంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే ఫ్యాన్‌తో సహా రాత్రంతా నడపాలి. రెండు గంటలకే కూస్తోందంటే అది అయిపోయినట్టే. సోలార్ పనులకి నెలలు పట్టొచ్చు. అంతదాకా ఆయన్ని ఆగమనకండి, ఆ ఒక్క మెషీన్‌కి చిన్న లిథియం బ్యాటరీ ముందు కొనేయండి.

కొళత్తూరు కోడలు
అయ్యగారూ, ఇప్పుడే చూశాను. అడాప్టర్ మీద 90 వాట్లని ఉంది. హీటర్ ఆపొచ్చా అని డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, కరెంటు లేనప్పుడు ఆపినా ఫరవాలేదన్నారు. చిన్న బ్యాటరీ రేపే తెస్తున్నాం. సోలార్‌కి ఇద్దరి దగ్గర హైబ్రిడ్ కొటేషన్ అడిగాను, ధరలు విడివిడిగానే. వచ్చాక ఇక్కడ పెడతాను, కొంచెం చూసి చెప్పండి.