సిమెట్రికల్ ఇంగ్లిష్‌లో సి5 నైట్‌ను కదిలించేదెలా?

చెస్‌లో సిమెట్రికల్ ఇంగ్లిష్ ఓపెనింగ్ (1. సి4 సి5తో మొదలయ్యేది) మీద ప్రశ్న. క్లాసికల్ గేమ్ (ఎక్కువ టైమ్ ఉండేది), వైట్ వైపు ప్లాన్ గురించి అడుగుతున్నాను. 1. సి4 సి5 2. నైట్ సి3 నైట్ సి6 3. జి3 జి6 4. బిషప్ జి2 బిషప్ జి7 5. నైట్ ఎఫ్3 నైట్ ఎఫ్6, ఇద్దరికీ క్యాస్లింగ్. తర్వాత 7. డి4తో డి4 మీద బంట్లు, నైట్లు మారాయి. 9...డి6కు 10. క్వీన్ డి3 (డి4లోనే ఉంటే జి7 బిషప్ దారిలో ఇరుక్కుంటుంది). 10...బిషప్ ఎఫ్5 11. ఇ4 బిషప్ ఇ6 12. బి3 నైట్ డి7 13. బిషప్ బి2 నైట్ సి5 14. క్వీన్ డి2 ఎ5.

స్థలం వైట్‌దే, కానీ ఇ4 బంటు జి2 బిషప్‌ను మూసేసింది. నైట్‌ను తరమాలంటే బి4 కావాలి. వెంటనే 15. ఎ3 ఆడితే బి3కి కాపలా పోతుంది, 15...నైట్ బి3 బంటును తిని క్వీన్ మీద పడుతుంది. అందుకే 15. నైట్ డి5 బిషప్ బి2 16. క్వీన్ బి2 చూస్తున్నాను. ఇప్పుడు క్వీనే బి3ని కాస్తుంది. అయినా ఎ3కి ఎ4 అంటే, బి4 తోయగానే నైట్ బి3లో దిగి ఎ1 రూక్‌ను కొడుతుంది. రూక్‌ను ముందే బి1కి జరపడం మరీ నెమ్మదా?

అసలు చిక్కు 16...బిషప్ డి5 దగ్గర. ఇ-బంటుతో తింటే ఇ7 మీద ఒత్తిడి వస్తుంది, కానీ నా బిషప్ డి5 వెనకే బందీ. సి-బంటుతో తింటే సి-ఫైల్ (సి నిలువు వరుస) తెరుచుకుంటుంది, అయితే ఆ ఫైల్లో ముందు రూక్ పెట్టేది ఎవరు? మీరు ఏ బంటుతో తింటారు? లేక డి5 జోలికే పోకుండా 15. ఎఫ్4 మంచిదా? ఎఫ్5 దాకా తోస్తే ఇ5 గడి బ్లాక్‌కు శాశ్వతంగా రాసిచ్చినట్టేనని నా అనుమానం. ఈ బంట్ల స్ట్రక్చర్ ఆడేవాళ్లు ఎత్తులతో సహా చెప్పండి.