ఎర్రమట్టి దిబ్బల్లో జియోక్యాషింగ్: డబ్బా దాచవచ్చా?

ప్రశ్న (భీమిలి టీచరు)

నమస్కారం. నేను భీమునిపట్నం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఎర్రమట్టి దిబ్బలు ఫొటోలు దిగే చోటుగానే తెలుసు. ఊళ్లో డచ్చివారి సమాధుల పక్కనుంచి నడుస్తూ కూడా అవి ఎవరివని ఒక్కరూ అడగలేదు. ఫోనులోని జీపీఎస్ సాయంతో, ఎవరో దాచిన డబ్బాను వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే ఉంచే జియోక్యాషింగ్ ఆట గురించి ఈమధ్య చదివాను. దిబ్బల్లో ఐదారు డబ్బాలు దాచి పిల్లల చేత వెతికించాలని ఉంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ఒరెగాన్‌లో ఉంటున్న విశాఖవాసి)

ఈ ఆట పుట్టింది నేనుంటున్న రాష్ట్రంలోనే. సామాన్యులు వాడే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన దోషాన్ని 2000 మే మొదట్లో తొలగించగానే, అంతవరకు 100 మీటర్ల దాకా తప్పుతూ వచ్చిన స్థానం 20 మీటర్లలోపుకు కుదురుకుంది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన పోర్ట్‌లాండ్ సమీపంలోని బీవర్‌క్రీక్ వద్ద ఒక నల్ల బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. అందులోని వస్తువుల్లో ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉండేదట. ఆ డబ్బాకు ఈ ఆటగాళ్లలో ఇప్పటికీ ఎంతో గౌరవం!

అయితే మీ దిబ్బలకు డబ్బా అవసరం లేదు. అమెరికా భూవిజ్ఞాన సంఘం తోడ్పాటుతో 2004లో మొదలైన ఎర్త్‌క్యాష్ అనే పద్ధతిలో దాచేది ఏమీ ఉండదు. ఆ చోటి నేల గురించి ఒక పాఠం, అక్కడికి వెళ్లి కళ్లతో చూస్తేనే జవాబు దొరికే కొన్ని ప్రశ్నలు ఉంటాయి. వచ్చినవారు తమ జవాబులను దాన్ని రూపొందించిన వ్యక్తికి పంపాలి.

జవాబు 2 (భూగర్భశాస్త్ర విద్యార్థి)

పై సలహాను నేను గట్టిగా సమర్థిస్తాను. ఫోను చూపించే స్థానంలో ఐదు పది మీటర్ల తేడా మామూలే కనుక, వెతికేవారు ఆ మేరకు నేలంతా తొక్కుతారు. ఏ రాతికొండ మీదో అయితే ఫరవాలేదు కానీ, వాననీటి తాకిడికే కోసుకుపోయి వాగులుగా చీలిన ఇసుక దిబ్బలు ఆ తొక్కిడికి ఎన్నాళ్లు నిలుస్తాయి? భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

పిల్లలను మూడు విషయాలు గమనించమనండి. వాగు అడుగున కొట్టుకొచ్చిన ఇసుక రంగు, గోడ రంగు ఒకటేనా? గోడ తమ ఎత్తుకు ఎన్ని రెట్లు ఉంటుంది? నీరు ఎటు పారినట్టు గుర్తులున్నాయి? మొదటి ప్రశ్నలోనే అసలు పాఠం ఉంది: ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు పొర వల్లనే ఆ ఎరుపు వచ్చింది. ఇసుకను సీసాలో నింపుకొని ఇంటికి తీసుకురావద్దని ముందే చెప్పండి. మా తరగతిలోనే ఇద్దరు ఆ పని చేశారు.

జవాబు 3 (పాత ఆటగాడు, హైదరాబాద్)

డబ్బా లేకపోతే పిల్లలకు ఉత్సాహం ఉండదనుకుంటే, దాన్ని ఊళ్లో పెట్టండి. మల్టీ క్యాష్ అనే పద్ధతిలో ఒక చోటి ఆధారం మరో చోటికి దారి చూపుతుంది. సమాధి ఫలకాల మీద ఇంకా చదవగలిగే సంవత్సరాల్లోని అంకెలను కూడితే తుది స్థానపు అంకెలు వచ్చేలా కూర్చవచ్చు. 1824 నాటి ఒప్పందం తరువాత డచ్చివారు ఈ రేవును ఇంగ్లీషువారికి ఎందుకు వదులుకున్నారన్న చర్చ అక్కడే మొదలవుతుంది. డబ్బాను మాత్రం సమాధుల మధ్య కాకుండా మీ బడి ఆవరణలో, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఉంచండి. లోపల ఏముందో కనిపించే పారదర్శక డబ్బా వాడి, దానిమీద తెలుగులో వివరం రాయండి. గతంలో నేను ఒక పార్కులో ఉక్కు టిఫిను డబ్బా దాచి, అదేమిటో కాపలాదారుకు వివరించలేక అరపూట నిలబడవలసి వచ్చింది.

భీమిలి టీచరు

అందరికీ కృతజ్ఞతలు. దిబ్బలకు ప్రశ్నలు మాత్రమే, బడికి డబ్బా అని నిర్ణయించుకున్నాను. వానలు తగ్గాక ముందుగా నేనొక్కసారి వెళ్లి, నడవదగిన బాట ఏదో చూసుకొని, ప్రశ్నల చిత్తుప్రతిని ఇక్కడే పెడతాను. ఎర్త్‌క్యాష్‌కు పంపే ముందు భూగర్భశాస్త్ర విద్యార్థి గారు ఒకసారి సరిచూడగలరని కోరుతున్నాను.