ఇండియానాకు కొత్తగా వచ్చాను: ముందు జెన్ కాన్‌కు వెళ్లాలా, చిన్న గేమింగ్ కన్వెన్షన్‌కు వెళ్లాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను వరంగల్ నుంచి ఈ ఆగస్టులో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చేయడానికి వెస్ట్ లఫయెట్ వచ్చాను. హైదరాబాదులో ఉన్నప్పుడు స్నేహితులతో బోర్డు గేములు ఆడేవాణ్ణి, హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ కూడా చూశాను. ఇండియానాపోలిస్‌లో ప్రతి వేసవిలో జరిగే జెన్ కాన్ అనే పెద్ద గేమింగ్ కన్వెన్షన్ గురించి, అంటే ఆటలంటే ఇష్టపడేవారంతా కొన్ని రోజులు కలిసి ఆడుకునే సమావేశం గురించి, చదివినప్పటి నుంచి దానికి వెళ్లాలనే ఉంది. మా డిపార్ట్‌మెంటులో ఒక అమెరికన్ స్నేహితుడు మాత్రం, వసంతకాలంలో ఒక హోటల్లో మూడు వందల మంది దాకా కలిసే చిన్న కన్వెన్షన్‌కు ముందు రమ్మంటున్నాడు. ఈ ఏడాది ఒకదానికి సరిపడా డబ్బే ఉంది. కారు లేదు, శాకాహారిని. అనుభవం ఉన్న పెద్దలు ఏది మంచిదో చెప్పగలరు.

మొదటి జవాబు

పర్డ్యూ మిత్రునికి స్వాగతం. ఒకదానికే డబ్బు ఉంటే మీ స్నేహితుడు పిలిచిన చిన్న కన్వెన్షన్‌కే వెళ్లండి. జెన్ కాన్ అంటే నాకు ఎంతో ఇష్టం. ఇండియానాపోలిస్ శివార్లలో స్థిరపడిన నాటి నుంచి వీలైన ప్రతి వేసవీ వెళుతున్నాను. అయినా ఈ మాట చెబుతున్నానంటే కారణం ఉంది. పెద్ద కన్వెన్షన్‌లో మీరు దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో ఆడతారు, ఆదివారం సాయంత్రానికి వారంతా ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోతారు. చిన్న కన్వెన్షన్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది మీకు గంట, రెండు గంటల దూరంలో నివసించేవారే. కొత్త దేశంలో మొదటి చలికాలం గడపబోతున్న విద్యార్థికి ఆ రెండో రకం పరిచయాలు ఎంత అవసరమో నేను చూశాను.

జెన్ కాన్ కూడా ఒకనాడు చిన్నదే. 1968లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, హార్టికల్చరల్ హాల్ అనే భవనంలో, గ్యారీ గైగాక్స్ దాన్ని ప్రారంభించారు. ఆరేళ్ల తర్వాత, 1974లో, డేవ్ ఆర్న్‌సన్‌తో కలిసి ఆయన రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, ఆటగాళ్లు తలా ఒక పాత్ర తీసుకొని కథ నడిపే ఆట వెలువడింది. తర్వాత కన్వెన్షన్ మిల్వాకీకి మారి, 2003లో ఇండియానాపోలిస్ చేరింది. ఇప్పుడు నాలుగు రోజుల్లో 70,000 మందికి పైగా వస్తున్నారు. ఇండియానా కన్వెన్షన్ సెంటర్ చాలక పక్కనున్న లూకాస్ ఆయిల్ స్టేడియంలోనూ, చుట్టూ ఉన్న హోటళ్ల హాళ్లలోనూ టేబుళ్లు వేస్తున్నారు. తానా మహాసభల రద్దీ చూసినవారికి కూడా ఈ సంఖ్య ముందుగా ఊహకు అందదు.

ఇంతమందికి చోటు చూపడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. బ్యాడ్జిల, అంటే ప్రవేశపు పాసుల, అమ్మకం ఆ ఏడాది మొదట్లోనే జరుగుతుంది. బ్యాడ్జి కొన్నవారికి హోటల్ గది ఎంచుకోవడానికి కంప్యూటర్ ఏదో ఒక సమయం కేటాయిస్తుంది. మీ వంతు ఆలస్యంగా వస్తే కన్వెన్షన్ సెంటర్‌కు నడక దూరంలో ఉన్న గదులు అప్పటికే అయిపోయి ఉంటాయి. మే నెలలో ఆటల టికెట్ల రిజిస్ట్రేషన్ తెరుస్తారు. మీకు కావలసిన ఆటలను, గరిష్ఠంగా యాభై, ఇష్టాన్ని బట్టి వరుసలో పెట్టుకొని, తెరిచిన క్షణంలో పంపాలి. బాగా గిరాకీ ఉన్నవి అప్పటికప్పుడే నిండిపోతాయి. బ్యాడ్జి ధరే వంద డాలర్లు దాటుతుంది, ఆటల టికెట్లు దానిపై అదనం. మీలాంటివారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఏ ఒక్క ఆటకూ కేటాయించని జెనరిక్ టికెట్లు కూడా అమ్ముతారు. వాటిని జేబులో ఉంచుకొని ఆట మొదలయ్యే వేళకు ఆ టేబుల్ దగ్గర నిలబడితే, టికెట్టు కొన్నవారెవరైనా రాకపోయినప్పుడు ఆ చోటు మీకు ఇస్తారు. పొద్దున్నే మొదలయ్యే ఆటల్లో ఇలా చోటు దొరకడం నేను తరచుగా చూశాను, ఎందుకంటే రాత్రి ఆలస్యంగా పడుకున్నవారు లేవలేరు.

అయితే అక్కడ మాత్రమే దొరికేవి కొన్ని ఉన్నాయి, వాటి కోసం ఎప్పుడో ఒకప్పుడు వెళ్లి తీరాలి. ప్రదర్శనశాలలో ఐదు వందలకు పైగా సంస్థలు తమ గేములను పరుస్తాయి. ఇంకా దుకాణాలకు రాని గేమును, దాన్ని తయారుచేసిన వ్యక్తే ఎదురుగా నిలబడి నేర్పే అవకాశం అక్కడ ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో పదుల సంఖ్యలో టేబుళ్లు ఒకే కథను ఏకకాలంలో ఆడుతూ, ఒక టేబుల్ గెలుపు మరో టేబుల్‌కు సాయపడేలా నడిచే ప్రత్యేక ఆటలు ఉంటాయి. అటువంటివి మూడు వందల మందితో సాధ్యం కావు. మీ అభిరుచి మరీ అరుదైనది అయితే, ఉదాహరణకు ఎప్పుడో ముద్రణ ఆగిపోయిన ఏదో యుద్ధ గేము మీకు ప్రాణమైతే, దాన్ని ప్రేమించే మరో పదిమంది దొరికేది కూడా ఇంత పెద్ద సమూహంలోనే.

ఇక చిన్నదాని సంగతి. సాధారణంగా ఒక హోటల్‌లో ఒకటి రెండు హాళ్లు తీసుకుంటారు. ఒక గోడ పొడవునా గేముల లైబ్రరీ ఉంటుంది. మీ బ్యాడ్జి చూపించి ఒక పెట్టె తీసుకొని, ఖాళీ టేబుల్ చూసుకొని కూర్చోవడమే. చాలా చోట్ల టేబుల్‌పై నిలబెట్టడానికి చిన్న జెండానో బోర్డో ఇస్తారు. ఆటగాళ్లు కావాలని ఒక దాని అర్థం, నియమాలు నేర్పేవారు కావాలని మరొక దాని అర్థం. శుక్రవారం మీకు ఆట నేర్పిన పెద్దాయనే శనివారం మధ్యాహ్నం కాఫీ దగ్గర కలిసి, నిన్న సగంలో వదిలిన మాట అందుకుంటాడు. పెద్ద హాలులో చుట్టూ హోరు ఉంటుంది, నేర్పేవారు గొంతు పెంచి వేగంగా చెబుతారు. ఇక్కడి ఉచ్చారణకు చెవి ఇంకా అలవాటు పడనివారికి నియమాలు సగమే అందుతాయి. చిన్న హాలులో మళ్లీ చెప్పమని అడగడం తేలిక, అడిగితే విసుక్కునేవారు అరుదు.

నాకు చాలా ఇష్టమైన విషయం ఇంకొకటి చెప్పాలి. జెన్ కాన్‌లో మీరు సొంతంగా ఒక ఆటను అందరికీ నేర్పాలంటే నెలల ముందే దాన్ని నమోదు చేసుకోవాలి. చిన్న కన్వెన్షన్‌లో ఖాళీ టేబుల్ ఉంటే చాలు. మీ దగ్గర గవ్వలు, చింతగింజలు ఉంటే ఒక కాగితంపై గళ్లు గీసి అష్టాచెమ్మా పరచండి. పులిజూదం ఇంకా బాగా ఆకట్టుకుంటుంది, ఎందుకంటే రెండు పక్షాలకూ వేర్వేరు బలగం, వేర్వేరు లక్ష్యం ఉండే ఆటలంటే ఇక్కడి ఆటగాళ్లకు మహా ఇష్టం, మూడు పులులను మేకలు కట్టడి చేసే ఆట వారికి వెంటనే అర్థమవుతుంది. వామనగుంటలకు బంధువైన మంకాలా వారిలో చాలామందికి చిన్నప్పటి నుంచే తెలుసు. కొత్తవాడిగా అందరి దగ్గరా నేర్చుకోవడమే కాక, నేర్పేవాడిగా కూడా ఒక గంట కూర్చోగలిగితే ఆ హాలులో మీ స్థానం వేరుగా ఉంటుంది.

వేరే రాష్ట్రాలవారు చదువుతుంటే వారి కోసం ఒక మాట: ఈ రెండు కొసల మధ్య ఉన్నవి కూడా మంచివే. 1975లో మొదలైన ఆరిజిన్స్ అనే కన్వెన్షన్ ఇప్పుడు ఒహాయోలోని కొలంబస్‌లో వేసవి మొదట్లో జరుగుతుంది. బోర్డ్‌గేమ్‌గీక్ అనే బోర్డు గేముల వెబ్‌సైటు వారు డాలస్‌లో 2005 నుంచి జరుపుతున్న బీజీజీ కాన్‌కు దాని గేముల లైబ్రరీయే ప్రధాన ఆకర్షణ. న్యూజెర్సీవారికి ఫిలడెల్ఫియాలో 2017లో మొదలైన పాక్స్ అన్‌ప్లగ్డ్ దగ్గర పడుతుంది, కానీ అది ఇప్పుడు పెద్దవాటి కిందే లెక్క.

రెండో జవాబు

అన్నగారు చెప్పినదానిలో చాలావరకు నిజం ఉంది, కానీ ఒక విషయంలో నేను ఏకీభవించలేను. చిన్న కన్వెన్షన్ అందరికీ సులువుగా ఉంటుందని అనుకోవడం సరికాదు. నేను ఒహాయోలో ఉంటాను, మనిషిని కాస్త బిడియస్తురాలిని. ఒక చిన్న కన్వెన్షన్‌కు ఒంటరిగా వెళ్లినప్పుడు, అక్కడివారంతా ఏళ్ల తరబడి ఒకరికొకరు తెలిసినవారు కావడంతో, ఎవరి టేబుల్ వారు నింపేసుకున్నారు. ఎవరూ అమర్యాదగా ప్రవర్తించలేదు; ఎవరూ పిలవకుండా వెళ్లి ఒకరి పక్కన కూర్చోలేకపోయాను, అంతే. పెద్ద కన్వెన్షన్‌లో నా చేతిలో టికెట్టు ఉంటుంది. ఆ టేబుల్ దగ్గర ఒక కుర్చీ నాది, నేర్పేవారు నా కోసం ఎదురుచూస్తుంటారు, ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. బిడియం ఉన్నవారికి ఆ టికెట్టు ఇచ్చే ధైర్యం చిన్నది కాదు.

అందుచేత తమ్ముడూ, చిన్నదానికి వెళ్లే ముందు ఆ కన్వెన్షన్ ఎలాంటిదో కనుక్కోండి. వేళలు వేసి, పేర్లు నమోదు చేయించుకొని ఆడించే ఆటలు ఉన్నాయా, లేక ఎవరికి వారు కలిసి ఆడుకోవడమేనా అన్నది ముందు చూడండి. మొదటిసారి వచ్చినవారిని పలకరించి టేబుల్ చూపించే వలంటీర్లు ఉన్నారా అని నిర్వాహకులను అడగండి. సెయింట్ లూయిస్ పరిసరాల్లో జరిగే గీక్‌వే టు ద వెస్ట్‌లో ఒక మంచి పద్ధతి ఉంది: కొన్ని గేములు ఆడినవారి పేర్లు రాసుకొని, చివర్లో లాటరీ తీసి ఆ గేమునే వారిలో ఒకరికి ఇచ్చేస్తారు. దానివల్ల ఆ గేముల చుట్టూ తెలియనివారు కూడా తమంతట తామే గుమికూడతారు. ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట బిడియస్తులకు దారి దొరుకుతుంది. మీ స్నేహితుడు వస్తున్నాడు కనుక, మొదటి రోజు మొదటి ఆటకైనా మీ పక్కనే కూర్చోమని అతనికి ముందే చెప్పండి.

ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, వేధింపులపై నియమావళి రాతపూర్వకంగా ఉందో లేదో, ఫిర్యాదు చేయడానికి ఎవరి దగ్గరకు వెళ్లాలో చూసుకున్నాకే బ్యాడ్జి కొనండి. పెద్దవాటిలో ఇది తప్పకుండా ఉంటుంది, చిన్నవాటిలో అడిగి తెలుసుకోవాలి. ఆటల్లోని, కథల్లోని పాత్రల వేషాలు వేసుకొని వచ్చినవారి ఫోటోలు తీయాలంటే రెండుచోట్లా అనుమతి అడగడం తప్పనిసరి.

భోజనం గురించి: ఇండియానాపోలిస్‌లో ఆ నాలుగు రోజులూ కన్వెన్షన్ సెంటర్ దగ్గర ఫుడ్ ట్రక్కులు వరుసగా నిలబడతాయి, శాకాహారం దొరుకుతుంది కానీ మధ్యాహ్నం వరుస పొడవుగా ఉంటుంది. హోటల్ కన్వెన్షన్‌లో మాత్రం ఆ హోటల్ వంటశాల తప్ప నడక దూరంలో ఏమీ లేకపోవచ్చు. గదిలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయో లేదో ముందే అడిగి, పులిహోర, చపాతీలు వెంట తీసుకెళ్లండి. వాటిని గదిలోనే తినండి, టేబుల్ దగ్గర వద్దు. నూనె చేతులు తగిలితే ఎదుటివారి కార్డులు పాడవుతాయి, అది ఇక్కడివారు చాలా కష్టంగా తీసుకునే విషయం. నిద్ర మానుకొని ఆడేవారిని చూసి మీరూ అలా చేయకండి. ఇంతమంది ఒకేచోట కూడిన తర్వాత వారం రోజులు జలుబు, దగ్గుతో పడకేయడం ఎంత మామూలంటే, దానికి కాన్ క్రడ్ (కన్వెన్షన్ జబ్బు) అని పేరే పెట్టుకున్నారు.

మళ్లీ అడిగినవారు

అన్నగారికీ అక్కగారికీ ధన్యవాదాలు. మా స్నేహితుడి కన్వెన్షన్‌లో వేళల ప్రకారం ఆడించే ఆటలు ఉన్నాయని కనుక్కున్నాను, దానికే వెళతాను. ఒక్క సందేహం మిగిలింది. వలంటీరుగా కొన్ని గంటలు పనిచేస్తే బ్యాడ్జి ఉచితంగా ఇస్తారట, గదిలో చోటు కూడా ఇస్తారట. అలా అయితే వేసవిలో జెన్ కాన్‌కు కూడా డబ్బు మిగులుతుంది కదా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఈ విషయంలో తొందరపడకండి. మీరు ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నారు. బ్యాడ్జి, గది వంటి ప్రతిఫలం పుచ్చుకొని పనిచేస్తే, పైకి దాన్ని వలంటీరు సేవ అని పిలిచినా, అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. లాభం కోసం నడిచే సంస్థ అయితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. హెచ్-4పై (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసాపై) ఉండి పని అనుమతి లేనివారికీ ఇదే వర్తిస్తుంది. దరఖాస్తు నింపకముందే మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి, ఆ కన్వెన్షన్ పేరు, చేయవలసిన పని, ఇచ్చే ప్రతిఫలం మూడూ ఒక ఈమెయిల్‌లో రాసి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వారు వద్దంటే, చిన్న కన్వెన్షన్‌కు బ్యాడ్జి మామూలుగా కొనుక్కోండి.

జెన్ కాన్‌కు ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. నాలుగు రోజుల బ్యాడ్జి బదులు ఒక్క రోజు బ్యాడ్జి తీసుకుంటే గది అవసరమే ఉండదు. క్యాంపస్ నుంచి ఇండియానాపోలిస్ విమానాశ్రయానికి షటిల్ బస్సులు ఉన్నాయి, అక్కడి నుంచి ఊళ్లోకి సిటీ బస్సు ఉంది. తిరుగు ప్రయాణపు వేళ మాత్రం ముందే చూసుకోండి. అయితే వసంతకాలంలో మీరు కలవబోయే మూడు వందల మందిలో ఎవరో ఒకరు ఆగస్టులో కారులో జెన్ కాన్‌కు వెళుతూనే ఉంటారు. పెట్రోలుకు మీ వాటా ఇస్తానని వారిని అప్పుడే అడిగి పెట్టుకోండి.