హైదరాబాద్ చుట్టుపక్కల గాలం వేయదగ్గ చెరువులు వెతకడం ఎలా?

ప్రశ్న (గాలం_కొత్త): మ్యాపులో ఎటు చూసినా చెరువే. తీరా పోతే కొన్ని ఎండిపోయి ఉంటున్నాయి, కొన్ని గుర్రపుడెక్కతో నిండిపోయాయి. ఏడాదంతా నీళ్లుండే చెరువును ఇంటి నుంచే గుర్తుపట్టే దారుందా? రవ్వ (రోహు), కొర్రమీను చేపల కోసం.

చెరువుగట్టు: ఉంది. గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ సైటు తెరవండి. 1984 నుంచి ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో ఎక్కడ ఎంత కాలం నీళ్లున్నాయో రంగుల్లో చూపిస్తుంది. ముదురు నీలం ఉన్నచోట నీళ్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, గులాబీ రంగైతే అప్పుడప్పుడే. ఒక్క చిక్కు: గుర్రపుడెక్క కప్పేసిన నీటిని అది నేలగా లెక్కేస్తుంది. అందుకే గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తెరిచి ఏప్రిల్, మే నెలలవి చూడండి. ఎండాకాలంలో నీళ్లు కట్ట దగ్గరికి, తూము (నీళ్లు బయటికి వదిలే దారి) ముందుకి చేరతాయి. అప్పుడు కూడా అక్కడ నీళ్లు కనిపిస్తే ఆ చెరువు పనికొస్తుంది.

మత్తడి_పోచారం: నీళ్లుంటే సరిపోదన్నా, అనుమతి కావాలి. ఊరి చెరువుల్లో చేపలు పట్టే హక్కు చాలా చోట్ల మత్స్య సహకార సంఘానిదే. చేపపిల్లలను వదిలి పెంచేది వాళ్లు. ముందు సంఘం అధ్యక్షుణ్ణి కలిసి, రోజుకు ఎంత కట్టాలో, పట్టిన చేప తీసుకెళ్లొచ్చో లేదో తేల్చుకోండి. వలలు ఎప్పుడు వేస్తారో కూడా అడగండి. ఎండాకాలం వలల తర్వాత పెద్ద చేప మిగలదు.

కొర్రమీను_వేట: రవ్వకు ఎర ముద్ద ఇలా: తవుడు రెండు పాళ్లు, పల్లిచెక్క పొడి ఒక పాలు, మైదా ఒక పాలు. మైదా తగ్గితే ముద్ద నీళ్లలో పడగానే విడిపోతుంది. మరీ గట్టిగా పిసికితే కొక్కెం మొన బయటికి రాక చేప లాగినా గుచ్చుకోదు. ఆరో నంబరు కొక్కెం, 0.30 మిల్లీమీటర్ల దారం చాలు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి తుంగ, జమ్ము అంచుల్లో కప్ప ఆకారపు ఎర తేలుస్తూ లాగండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కనిపిస్తే మాత్రం అక్కడ ఎర వేయొద్దు. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. వాటిని పడితే పిల్లలన్నీ మిగతా చేపల పాలే.

గాలం_కొత్త: పాకాల చెరువు, మంజీర జలాశయంలో గాలం వేయొచ్చా?

మత్తడి_పోచారం: రెండూ వన్యప్రాణి అభయారణ్యాలు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా గాలం తీయొద్దు.