అప్‌డేట్: డెస్క్‌టాప్ దానంతటదే ఆగిపోవడానికి కారణం దొరికింది

వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే మా డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, వెంటనే ఆన్ చేస్తే మళ్లీ అదే తంతని అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

'ముందు బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెర) ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి' అన్న మాటే దారి చూపింది. ఏ పనీ లేకుండానే 90 డిగ్రీలు దాటి, చూస్తుండగానే ఇంకా పైకి పోతోంది. ఈ ఐ5-10400 ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. మెకానిక్ పక్క మూత తీసి, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌ను వేలితో తాకితే ఊగింది. దాన్ని మదర్‌బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడిపోయి ఉంది. ఫ్యాను మాత్రం దర్జాగా తిరుగుతూనే ఉంది, ఇంక ఎవరికి అనుమానం వస్తుంది! కింద, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. పాతదంతా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు వేసి, పిన్నులను ఎదురెదురు మూలల్లో జతలుగా 'టక్' మనేదాకా నొక్కారు. ఇప్పుడు ఎడిటింగ్ నడుస్తున్నా 70 దాటడం లేదు.

ర్యామ్‌ను ఎరేజర్‌తో రుద్దడం, విండోస్ మళ్లీ వేయడం దేనికీ పనికిరాలేదు. బయోస్ తెర మీదే ఆగిపోయే యంత్రానికి విండోస్ ఏం చేస్తుంది? వేరే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) తగిలించి చూసినా తేడా లేదు, కాబట్టి కొత్తది కొనలేదు.

సొంతంగా చేసుకునేవారికి ఒక మాట: పిన్ను మీది బాణం గుర్తు వైపు తిప్పితే అది వదులవుతుంది, బిగుసుకోదు.